పైవెంట్రుక, లోబొచ్చు: గాలపు ఫ్లైకి మన దగ్గరే దొరికే సరుకు

గ్లాసులో నీళ్లు పోసి, పెంపుడు కుందేలు బొచ్చు చిటికెడు తీసుకుని పైన వేసి చూడండి. తేలుతుంది. వేలితో నీళ్లలోకి అదిమితే దాని చుట్టూ వెండి పూత పూసినట్టు సన్నటి మెరుపు కనిపిస్తుంది. అది గాలి. వేలు తీయగానే మళ్లీ పైకి వచ్చేస్తుంది. ఇప్పుడు అదే బొచ్చును రెండు చుక్కల కుంకుడు రసంతో నలిపి, బాగా కడిగి, మళ్లీ వేయండి. ఈసారి మెరుపు ఉండదు. రంగు కాస్త ముదురుతుంది. బొచ్చు మెల్లగా అడుగుకు దిగిపోతుంది. వెంట్రుకల మధ్య ఇరుక్కున్న గాలి పోవడం వల్లే ఇదంతా. గాలానికి ఫ్లై కట్టేవాళ్లు బొచ్చు గురించి తెలుసుకోవాల్సిన దాంట్లో సగం ఈ గ్లాసులోనే ఉంది.

ఫ్లై అంటే చిన్న గాలపు ముల్లుకు దారం, ఈక, బొచ్చు కట్టి, పురుగులా కనిపించేట్టు చేసే ఎర. వానపామును గుచ్చిన గాలానికి వాసన ఉంటుంది, రుచి ఉంటుంది. చేప ఒకసారి వదిలేసినా మళ్లీ వచ్చి కొరుకుతుంది. ఫ్లైకి అవేవీ లేవు. చేప చూసిన ఆ ఒక్క క్షణంలో అది బతికున్న పురుగే అనిపించాలి. పురుగు ఒంటి భాగం కోసం బొచ్చును కొద్దికొద్దిగా దారానికి పట్టించి, వేళ్లతో పురి పెట్టి, ముల్లు కాడ మీద చుడతారు. ఈ పనినీ, ఇందుకు వాడే బొచ్చునీ కూడా డబ్బింగ్ అనే అంటారు. సినిమా డబ్బింగ్‌తో దీనికి సంబంధం లేదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు గాలం అంటే ఇప్పటికీ వెదురు గెడ, బెండు, వానపామే. ఫ్లైని విసరడానికి వాడే ఫ్లై రాడ్ పట్టేవాళ్లు కొద్దిమంది. వాళ్లు కూడా ఎక్కువగా ఇంగ్లిషు వీడియోలు చూసి నేర్చుకుంటారు. ఆ వీడియోలు చాలావరకు చల్లటి నీళ్లలో బతికే ట్రౌట్ చేప కోసం చేసినవి. వాటిలో చెప్పే సరుకు అడవి కుందేలు ముఖం తోలు, బీవర్, మస్క్‌రాట్, సీల్ లాంటి చలిదేశాల నీటి జంతువుల బొచ్చు. ఆ పేర్లు వినగానే ఇదంతా విదేశాల నుంచి తెప్పించుకుంటే తప్ప కుదరని పని అనిపిస్తుంది. అది పొరపాటు. జంతువు పేరు పక్కన పెట్టి, ఆ బొచ్చులో ఏ రకం వెంట్రుక ఎంత ఉందో చూసి ఎంచుకుంటే, నాగావళికీ వంశధారకీ పనికొచ్చే సరుకు మన ఇళ్లలోనే, పెంపకం షెడ్లలోనే ఉంది.

అసలు ఈ పని మొదలైందే గొర్రె ఉన్నితో. సుమారు 1,800 ఏళ్ల కిందట రోమన్ రచయిత ఈలియన్, మాసిడోనియాలో ఒక ఏటి దగ్గర జనం చేపలు పట్టే పద్ధతి రాశాడు. ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టేవారట. ఫ్లై గురించి దొరికే పాత వర్ణనల్లో ఇది ముఖ్యమైనది. 1496లో ఇంగ్లండ్‌లో అచ్చయిన గాలాల పుస్తకంలో చెప్పిన పన్నెండు ఫ్లైల ఒళ్లు కూడా దాదాపు అన్నీ ఉన్నితోనే. బీవర్, సీల్ లాంటి ఖరీదైన పేర్లన్నీ ఆ తర్వాత వచ్చి చేరినవే.

బొచ్చున్న జంతువును పట్టుకుని, వెంట్రుకలకు ఎదురుగా ఊదితే తేడా కనిపిస్తుంది. పైన పొడవాటి, బిరుసు వెంట్రుకలు. వాననూ ముళ్లనూ కాచుకునేవి అవి. వాటి మొదట్లో, చర్మానికి ఆనుకుని, మెత్తగా వంకీలు తిరిగిన లోబొచ్చు. ఒంటి వేడిని పట్టి ఉంచేది అది. అంగోరా కుందేలు లోబొచ్చు మందం 11 నుంచి 15 మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంటే ఒక తల వెంట్రుక మందంలో అయిదారు కుందేలు పోగులు ఇమిడిపోతాయి. పైగా ప్రతి వెంట్రుక మీదా కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. చేప పొలుసుల్లాగే ఇవి ఒకదాని మీద ఒకటి పరుచుకుని, అన్నీ కొస వైపే తిరిగి ఉంటాయి. ఆ పొలుసులు, వంకీలు కలిసి ఒకదాన్ని ఒకటి పట్టుకోవడం వల్లే లోబొచ్చు దారం మీద నిలబడుతుంది. నున్నటి పైవెంట్రుకలు మాత్రం జారిపోతాయి.

అందుకని వట్టి లోబొచ్చుతో కడితే ఒళ్లు చక్కగా, నున్నగా వస్తుంది కానీ చచ్చిన పురుగులా ఉంటుంది. వట్టి పైవెంట్రుకలతో కట్టబోతే అసలు దారానికే అంటదు. రెండూ కలిసినప్పుడు లోబొచ్చు పట్టు ఇస్తుంది, పైవెంట్రుకలు అక్కడక్కడా బయటికి పొడుచుకొచ్చి కాళ్లలా, మొప్పల్లా నీళ్లలో కదులుతాయి. యూరప్‌లో అడవి కుందేలు ముఖం తోలుకు అంత పేరు రావడానికి కారణం ఇదే. చెవుల మీద పొట్టిగా, బిరుసుగా ఉండే వెంట్రుకలు, బుగ్గల మీద మెత్తటి బొచ్చు, రెండూ ఒకే ముక్క మీద దొరుకుతాయి. పైగా ఒక్కో వెంట్రుక మీదే నలుపు, గోధుమ, బూడిద రంగులు పట్టీలుగా ఉంటాయి. దగ్గర నుంచి చూస్తే మూడు రంగులు, జానెడు దూరం నుంచి చూస్తే పేరు పెట్టలేని ఒక మట్టి రంగు. ఏటి అడుగున రాళ్ల కింద ఉండే పురుగులు చాలావరకు ఆ రంగులోనే ఉంటాయి.

తడిస్తే బొచ్చు రంగు ఎందుకు మారుతుందో కూడా తెలుసుకోవాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పొడిగా ఉన్నప్పుడు వెంట్రుకల చుట్టూ గాలి ఉంటుంది. వెలుగు వెంట్రుకకూ గాలికీ మధ్య హద్దు దగ్గర బాగా చెదిరి, బొచ్చు లేత రంగుగా కనిపిస్తుంది. నీళ్లు చేరాక ఆ తేడా తగ్గుతుంది, చెదిరే వెలుగూ తగ్గుతుంది. దాంతో రంగు ముదురుతుంది, పోగు కాస్త పారదర్శకమవుతుంది, అప్పటిదాకా కనిపించని లోపలి రంగు బయటపడుతుంది. ఇంగ్లండ్‌లో ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ ఒక ఫ్లైకి చాడ్విక్స్ 477 అనే ఉన్ని దారం వాడేవాడు. అది చిరిగిన బట్టలకు రఫూ చేసుకునే మామూలు దారం. పొడిగా ఉంటే బూడిద, లేత గోధుమ కలిసిన రంగు. తడిస్తే అందులోంచి గులాబీ ఛాయ పైకి వచ్చి, నీటి అడుగున తిరిగే రొయ్య జాతి పురుగులా అయ్యేది. ఆ కంపెనీ దారం ఆపేశాక, ఆ దారం చుట్టి అమ్మిన పాత కార్డుల కోసం గాలపువాళ్లు దశాబ్దాల పాటు వెతుకుతూనే ఉన్నారు. కాబట్టి బొచ్చు రంగును ఎప్పుడూ చేతిలో పొడిగా చూసి నిర్ణయించకూడదు. తెల్ల సాసర్‌లో నీళ్లు పోసి, తడిపి, చూడాలి.

తేలడం విషయంలో ఇంకో అపోహ ఉంది. బీవర్, నీటికుక్క లాంటి నీటి జంతువుల బొచ్చు దానంతట అదే తేలుతుందని చెబుతుంటారు. బొచ్చు ఏ జంతువుదైనా అది కెరటిన్ అనే మాంసకృత్తే. దాని సాంద్రత సుమారు 1.3, అంటే నీటికన్నా బరువే. నీటి జంతువుల బొచ్చు ప్రత్యేకత దాని ఒత్తులోనే ఉంది. సముద్రపు నీటికుక్కకు చదరపు సెంటీమీటరులో లక్షకు పైగా వెంట్రుకలు ఉంటాయి. ఆ ఒత్తులో గాలి ఇరుక్కుని బయటికి రాదు, నూనె జిడ్డు వల్ల నీళ్లు లోపలికి పోవు. తోలు నుంచి కత్తిరించి ముల్లుకు చుట్టాక ఆ ఒత్తులో చాలాభాగం పోతుంది. అక్కడ మిగిలేది జిడ్డు, మనం కట్టిన తీరు. దానంతట అదే తేలే పోగు కావాలంటే పాలీప్రొపిలీన్ ఉంది. దాని సాంద్రత సుమారు 0.9. ఆ ఒక్క విషయంలో ప్లాస్టిక్ పోగు సహజ బొచ్చును నిజంగా మించిపోతుంది, ఒప్పుకోవాలి. నీళ్లలో మెత్తగా కదలడంలో, రంగుల కలయికలో మాత్రం బొచ్చుదే పైచేయి.

ఇక మన ఊళ్ల సంగతి. ఇక్కడి వాతావరణమే ఒక చిక్కు. లోబొచ్చు చలి కోసం పెరిగేది. ఉక్కపోతతో కూడిన కోస్తా ఎండలో జంతువుకు దాని అవసరం తక్కువ. లద్దాఖ్ మేకకు పష్మీనా పెరుగుతుంది. మైదానపు మేకకు నున్నటి వెంట్రుకే దాదాపు అంతా. కోస్తాలో ఎక్కువగా కనిపించే నెల్లూరు తరహా గొర్రెలకైతే ఉన్నే దాదాపు ఉండదు, ఒంటి మీద పొట్టి వెంట్రుకలే. గొంగళి నేసే ఉన్ని దక్కన్ పీఠభూమి మీది నల్ల గొర్రెలది. అందువల్ల ‘ఊళ్లో గొర్రెలున్నాయి కదా, ఉన్నికి కొదవేంటి’ అనుకుని వెళ్తే నిరాశే. అయితే పాత గొంగళి ముక్క ఒకటి సంపాదిస్తే అది ఏళ్ల తరబడి వస్తుంది. ముతకగా, నల్లగా, మధ్యమధ్య బిరుసు పోగులతో ఉండే ఆ ఉన్ని తూనీగ పిల్లలాంటి లావు పురుగులకు బాగా కుదురుతుంది.

అన్నిటికన్నా మంచి సరుకు పెంపుడు కుందేలు. మన దేశంలో మాంసం కోసం పెంచే జాతుల్లో న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా ముఖ్యమైనవి. పేరులో చించిల్లా అనే వేరే జంతువు ఉన్నా రెండోది కుందేలే. దాని బొచ్చు మీద నోటితో ఊది చూడండి. మొదట్లో ముదురు బూడిద, పైన తెలుపు, కొసన నలుపు వలయాలుగా విచ్చుకుంటాయి. అడవి కుందేలు తోలులో అందరూ మెచ్చుకునే ఆ పట్టీల రంగు ఇక్కడ పెంపకం జంతువులోనే దొరుకుతోంది. తెల్ల కుందేలు బొచ్చయితే రంగు వేసుకోవడానికి అనువు. టీ డికాషన్‌లో ఉడికిస్తే లేత గోధుమ, పసుపులో వేస్తే పసుపు వస్తుంది. పసుపు మాత్రం ఎండకు త్వరగా వెలిసిపోతుంది.

రెండోది మరీ తేలిక. పట్టణాల్లో ఇంటింటికీ లాబ్రడార్లు, పామెరేనియన్లు ఉన్నాయి. చలిప్రాంతాల నుంచి వచ్చిన జాతులు కాబట్టి వాటికి రెండు వరసల బొచ్చూ ఉంది. ఎండలు ముదిరే వేళ బ్రష్ పెడితే గుప్పెళ్ల కొద్దీ లోబొచ్చు ఊడి వస్తుంది. చెత్తబుట్టలో పడేసే ఆ బొచ్చును షాంపూతో కడిగి, నీడన ఆరబెడితే అది కొనుక్కునే డబ్బింగ్‌కు ఏమాత్రం తీసిపోదు. ఏ జంతువుకూ నొప్పి లేదు. అవే కుక్కల వీపు మీది బిరుసు వెంట్రుకలు నాలుగు కత్తిరించి కలిపితే పైవెంట్రుకల లోటూ తీరుతుంది.

ఇక్కడ ఒక హద్దు ఉంది. దాన్ని దాటకూడదు. మన పొలాల్లో తిరిగే అడవి కుందేలు, అదే చెవులపిల్లి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జంతువు. ముంగిస కూడా అంతే. ముంగిస వెంట్రుకలు పట్టీలు పట్టీలుగా చాలా అందంగా ఉంటాయి. పెయింట్ బ్రష్‌ల కోసం వాటిని వేలాదిగా చంపిన చరిత్ర మన దేశంలో ఉంది. ఆ బ్రష్‌లు అమ్మడమూ నేరమే. నీటికుక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరో వేటాడిన చెవులపిల్లి తోలు ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకూడదు. మనం తీసుకుంటున్నామని తెలిస్తే మరొకటి చస్తుంది. విదేశీ సరుకు మీదా ఆంక్షలున్నాయి. మింక్, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతిని భారత ప్రభుత్వం 2017 జనవరిలో నిషేధించింది. సీల్ బొచ్చును అమెరికా 1972లోనే కట్టడి చేసింది. అక్కడివాళ్లు దాని బదులు అంగోరా మేక వెంట్రుకకు, అంటే మోహేర్‌కు, అలవాటు పడ్డారు. ఫ్లైలు ఆగిపోలేదు, చేపలు పడటమూ ఆగిపోలేదు.

ఇంకో జాగ్రత్త ఆరోగ్యానిది. ఉన్నట్టుండి చచ్చిపోయిన మేక, గొర్రె ఒంటి నుంచి వెంట్రుకలు తీయకూడదు. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, అలాంటి వెంట్రుకల నుంచి మనుషుల చర్మానికి అంటుకోగలదు. దాని బీజాలు సబ్బుతో కడిగినా చావవు. పొరుగునే ఉన్న విశాఖ మన్యంలో ఈ వ్యాధి మనుషులకు సోకిన సందర్భాలున్నాయి.

బొచ్చు దొరికాక దాన్ని సిద్ధం చేయడం అసలు పని. ఇందులో శ్రీకాకుళం జిల్లాకు సొంత విద్య ఒకటి ఉంది. పొందూరు ఖాదీ కోసం పత్తిని శుభ్రం చేసేది వాలుగ చేప దవడతో. దవడ ఎముక మీద సూది మొనల్లాంటి పళ్లు వత్తుగా ఉంటాయి. గింజతో ఉన్న పత్తిని దాంతో దువ్వుతుంటే నలుసులు రాలిపోయి, పోగులన్నీ ఒక దిక్కుకు తిరుగుతాయి. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులను ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని వడుకుతారు. నూరో నంబరు సన్న నూలు వచ్చేది ఈ ఓపిక వల్లే. చేప ఎముక పోగును సరిచేస్తుంటే, ఇటు పోగు చేపను పట్టడానికి పోతోంది. రెండు పనులకూ ప్రాణం పురే.

వడికేవాళ్లకు తెలిసిన ఒక సూత్రం ఫ్లై కట్టేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. పొడవు పోగు తక్కువ పురితో నిలబడుతుంది, పొట్టి పోగుకు పురి ఎక్కువ కావాలి. కుందేలు ఒంటి మీది బొచ్చు పొడవు, వేళ్లతో తిప్పితే చాలు. చెవి మీది పొట్టి వెంట్రుకలకు వేళ్లు చాలవు. దారాన్ని రెండు పేటలుగా మడిచి, మధ్యలో వెంట్రుకలు పరిచి, కింద బరువు వేలాడదీసి గిర్రున తిప్పాలి. రెండు దారాల మధ్య బిగిసిన వెంట్రుకలు సీసా కడిగే బ్రష్‌లా విచ్చుకుంటాయి. ఇంకో సంగతి. దువ్వి పోగులన్నీ ఒక వైపు తిప్పితే ఒళ్లు సన్నగా, నున్నగా వస్తుంది. చేత్తో చీల్చి, మళ్లీ కలిపి, అడ్డదిడ్డంగా చేస్తే గరుకుగా, బొచ్చుబొచ్చుగా వస్తుంది. నూలుకు మొదటిదే కావాలి. ఫ్లైకి చాలాసార్లు రెండోదే మేలు.

రెండు మూడు రకాలు కలపాలంటే నీళ్ల పద్ధతి బాగుంటుంది. మూత ఉన్న సీసాలో గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క షాంపూ వేసి, బొచ్చంతా అందులో వేసి గట్టిగా గిలక్కొట్టాలి. టీ వడకట్టే జాలిలో పోసి, కడిగి, పేపరు మీద ఆరబెడితే రంగులు సమంగా కలిసిన చిన్న దుప్పటిలా వస్తుంది. మిక్సీలో వేసేవాళ్లూ ఉన్నారు. పోగులు అర అంగుళం కన్నా పొడవుంటే అవి బ్లేడుకు చుట్టుకుంటాయి, మోటారు వేడెక్కుతుంది. జిడ్డు ఉంచాలా, తీయాలా అన్నది ఫ్లైని బట్టి. తేలాల్సిన ఫ్లై అయితే షాంపూ జోలికి పోకుండా పొడిగానే కలపాలి. మునగాల్సినదైతే బాగా కడగాలి.

కట్టేటప్పుడు దారానికి తేనెమైనం పలచగా రాసి, బొచ్చు చిటికెడు తీసుకోవాలి. ఆ చిటికెడులో సగం తీసేయాలి. మిగిలిన దాంట్లో మళ్లీ సగం తీసేసినా ఫరవాలేదు. కొత్తవాళ్లు కట్టిన ఫ్లైలు గొంగళిపురుగుల్లా ఉబ్బి ఉండటానికి కారణం ఎప్పుడూ ఒకటే, బొచ్చు ఎక్కువ కావడం. దారం మీద పొగమంచు కమ్మినట్టు కనిపించేంత ఉంటే చాలు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి ఒకే వైపుకు తిప్పాలి. అటూ ఇటూ తిప్పితే పెట్టిన పురి విడిపోతుంది. దారం టెన్షన్ వదలకుండా ముల్లు కాడ మీద చుట్టి, పైన మోటారు వైండింగ్ షాపులో పారేసే సన్నటి రాగి తీగను నాలుగు చుట్లు తిప్పితే ఒళ్లు విడిపోదు, కాస్త బరువూ వస్తుంది. ఇందాక చెప్పిన సాయర్ అయితే కట్టే దారం బదులు రాగి తీగే వాడేవాడు. చివర సూది మొనతో తీగ చుట్ల మధ్య నుంచి వెంట్రుకలు పైకి లాగాలి. స్కూలు బ్యాగు వెల్క్రో ముక్కతో రుద్దినా సరిపోతుంది.

ఏ నీటికి ఏ బొచ్చు? వానాకాలంలో వంశధార, నాగావళి ఎర్రమట్టి నీళ్లతో పారుతుంటే రంగుల తేడాలు చేపకు కనిపించవు, నీడే కనిపిస్తుంది. అప్పుడు గొంగళి నలుపు, లావు ఒళ్లు. సంక్రాంతి నాటికి నీళ్లు తేరుకుని ఇసుక కనిపిస్తుంటే సన్నటి, మట్టి రంగు కుందేలు బొచ్చు. గెడ్డల్లో, పిల్ల కాలవల్లో పరిగెల్లాంటి చిన్న చేపలకు 12 లేదా 14 నంబరు ముల్లు చాలు. చెరువులు చాలాచోట్ల మత్స్యకార సంఘాల లీజులో ఉంటాయి కాబట్టి ముందు అడిగి దిగడం పద్ధతి.

ఈ ప్రాంతపు గాలానికి అచ్చంగా సరిపోయే రోజు తొలకరి తర్వాత వస్తుంది. మొదటి గట్టి వాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. దీపాల చుట్టూ తిరిగినవి దీపాల కింద రాలితే, చెరువు మీదుగా ఎగిరినవి నీళ్లలో పడతాయి. రెక్కలు నీళ్లకు అతుక్కుని, గోధుమ రంగు ఒళ్లు సగం మునిగి, కదల్లేక కొట్టుకుంటాయి. చేపలు పైకి వచ్చి వాటిని మింగుతుంటే నీటి మీద వలయాలు లేస్తూనే ఉంటాయి. ట్రౌట్ వీడియోల్లో ఈ పురుగు ఉండదు, దీనికి ఇక్కడివాళ్లే ఫ్లై తయారుచేసుకోవాలి. టీ డికాషన్‌లో రంగు వేసిన కుందేలు లోబొచ్చు, సన్నగా, నున్నగా. ఉడికించడంలో జిడ్డు పోతుంది కాబట్టి వేళ్లకు గోరు మీద పట్టేంత వాజ్‌లైన్ రాసుకుని ఒంటికి అద్దాలి. ఎక్కువైతే బొచ్చు ముద్దకడుతుంది. రెక్కలకు పెంపుడు బాతు తోక దగ్గరి మెత్తటి ఈకలు రెండు వెనక్కి పడుకోబెట్టాలి. నూనె గ్రంథి చుట్టూ ఉండే ఆ ఈకలు గాలిని బాగా పట్టి ఉంచుతాయి.

మన దగ్గర గాలి తేమకు బొచ్చు బూజు పడుతుంది, పురుగు తింటుంది. పూర్తిగా ఆరాకే మూత బిగించిన సీసాలో, ఎండు వేపాకుతోనో కర్పూరం బిళ్లతోనో పెట్టుకోవాలి. కట్టిన ఫ్లైలను మాత్రం వాడిన రోజే డబ్బాలో మూయకూడదు, ముళ్లు తుప్పు పడతాయి. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్న చూస్తే వాటిలో జలేబి చేప (తిలాపియా) సన్నటి పళ్లు తగిలి చిరిగిన ఫ్లై ఒకటి ఉంటుంది. తీగ కింద నుంచి వెంట్రుకలు నాలుగు వైపులా లేచి, కట్టినప్పటికన్నా పురుగులా కనిపిస్తుంది. మర్నాడు మొదట గాలానికి కట్టాల్సింది దాన్నే.